నేను మింగిన మూడో చరణం

పాటలోంచి ఒక చరణం తీసేస్తే పోయేదేముందని మీరెప్పుడైనా తేలిగ్గా అనుకున్నారా? నేను అనుకున్నాను. మొన్న బీరంగూడలో ఒక పెళ్లిలో ఆర్కెస్ట్రా వాళ్లు నా పాటే, నాదని తెలియకుండా, రెండు చరణాలతో ముగించి చప్పట్లు అందుకుంటుంటే, మూడోది ఇక ఎవరికీ రాదని తెలిసి, భోజనానికి లేవబుద్ధి కాక అలాగే కూర్చుండిపోయాను.

అది మా బావ కోసం కట్టిన పాట. పటాన్‌చెరులో మేమిద్దరం ఒకే షెడ్డులో రేకులు నొక్కే ప్రెస్సుల మీద పనిచేసేవాళ్లం. సాయంత్రమైతే ఆయన డప్పు, నా గొంతు, కాలనీలో మరో ఇద్దరి తాళాలు, అదే మా బృందం. ఒకనాడు ప్రెస్సు ఆయన కుడిచేతి మూడు వేళ్లు తీసుకుంది. చేతికి అడ్డుండాల్సిన ఇనుప జాలిని, పని తొందరగా సాగాలని, ఎప్పుడో విప్పి మూలన పడేశారు. మర్నాడు యజమాని జాలి బిగించలేదు. గుమ్మడికాయ కొట్టించి, దిష్టి పోయిందని చెప్పి మిషన్ నడిపించాడు. పాటలో మొదటి రెండు చరణాలు ఆయన డప్పు దరువు గురించే; దిష్టి తగిలిందా, జాలి తీసిందెవరు అని నిలదీసేదే మూడో చరణం.

తర్వాత నేను ఆర్కెస్ట్రాలో చేరాను, కాస్త పేరొచ్చింది, ఆ ఏడు ఆయుధపూజకు అదే కంపెనీ మమ్మల్ని పిలిచింది. ఆర్కెస్ట్రా నడిపే అన్న వేదిక వెనక నా భుజం మీద చెయ్యేసి, "తమ్మీ, రెండు పాడి దిగు. మూడోది పాడినవంటే ఇగ ఏ కంపెనోడూ మనల్ని పిలువడు" అన్నాడు. మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి, రెండే పాడి దిగిపోయాను. ముందు వరుసలో ఉన్న బావ బయట చాయ్ దగ్గర నన్ను చూసి నవ్వాడు. "మంచిగనే పాడినవ్ బామ్మర్దీ. గా ప్రెస్సుకు గూడ మస్తు నచ్చినట్లుంది, సప్పుడు చెయ్యలే."

ఆ తర్వాత ఆయన నా పాట వినడానికి రాలేదు. మరుసటి ఏడు, అదే ప్రెస్సు మీద, ఒడిశా నుంచి వచ్చిన ఒక కార్మికుడి చెయ్యి పోయింది. ఆర్కెస్ట్రా మానేసి, ఒంటరిగా కంపెనీ గేట్ల ముందు మూడు చరణాలూ పాడుతూ తిరిగాను కానీ, అప్పటికే ఆర్కెస్ట్రా వేసిన క్యాసెట్లలో రెండే జనంలోకి వెళ్లిపోయాయి. ఇప్పుడు బావ లేడు. నా గొంతు లేవదు. సుల్తాన్‌పూర్ దాకా కొత్త షెడ్లు లేచాయి, మూలకో కెమెరా వచ్చింది; దిష్టి మాత్రం ఇంకా మిషన్లకే తగులుతోంది.

నేను అలసిపోయాను, మీరింకా డ్యూటీకి పోతున్నారు. రేపు పొద్దున మీ మిషన్ జాలి ఎక్కడ పడేశారో వెతికి తెప్పించండి. అది బిగించేదాకా స్విచ్ వేయకండి.