షెడ్డు వెనక ఇనుప యుగం

లాక్‌డౌన్‌లో కొందరు రొట్టెలు చేయడం నేర్చుకున్నారు, కొందరు సొంతంగా జుట్టు కత్తిరించుకోవడం నేర్చుకున్నారు. నాకు మాత్రం బైబిలు నాటి దేశాల పురావస్తు శాస్త్రం తలకెక్కింది. నేను కంప్యూటర్ల మనిషిని. పండక్కి తప్ప దేవుడి మూల వైపు చూడని మామూలు హిందువుని. అయినా ఆన్‌లైన్లో ఆ కోర్సు కనపడగానే చేరిపోయాను. నిజం చెప్పాలంటే అప్పుడు ఏ కోర్సు కనపడినా చేరేవాణ్ణే. మేముండేది ఐర్లండులో; పొద్దున మా ఆవిడ బోమాంట్ అనే పేట వైపు ఆసుపత్రికి బయల్దేరింది మొదలు తిరిగొచ్చేదాకా, ఏదీ ఆలోచించకుండా ఉండటానికి నాకేదో ఒకటి కావాలి.

ఆవిడ డాక్టరు, కోవిడ్ వార్డులో డ్యూటీ. నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఈ రెండు సంగతులూ ఒకేసారి ఎత్తే ధైర్యం మా ఇద్దరికీ లేదు. ఏర్పాట్లు మాత్రం పకడ్బందీగా చేసుకున్నాం. స్వోర్డ్స్ అనే ఊళ్ళో మా అద్దె ఇంటికి ఆవిడ పక్క గేటులోంచి వచ్చి, పెరటి తలుపు తీసుకుని, బట్టలు మెషిన్లో పడేసి, స్నానం చేసి, మేడ మీద చిన్న గదిలోకి వెళ్ళిపోయేది. నేను కంచం మెట్ల మధ్యలో పెట్టి వెనక్కి వచ్చేసేవాణ్ణి. ఆవిడ పై మెట్టు మీద కూర్చుని తినేది, నేను కింద హాల్లో కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆ నెలల్లో మా కాపురమంతా మెట్ల మీదుగానే నడిచింది.

"ఎలా ఉందివాళ?" అని అడిగితే "గ్రాండ్" అనేది. ఐర్లండులో ఆ మాటకి బాగానే ఉందనే కాక, ఇంకేమీ అడగొద్దని కూడా అర్థం ఉంది. అందుకని మిగతా సమయమంతా నా కోర్సుతో నింపేవాణ్ణి. మన పాటిదిబ్బల్లాగే అక్కడా ఒక ఊరి మీద ఇంకో ఊరు పొరలు పొరలుగా ఎలా పేరుకుందో, యెరూషలేము చుట్టుపక్కల రాజుల కాలంలో, అంటే ఇనుప యుగంలో, మామూలు ఇళ్ళు ఎలా ఉండేవో, పశువుల్ని ఎక్కడ కట్టేవారో చెప్పేవాణ్ణి. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి అదంతా అన్నంతోపాటు ఓపిగ్గా మింగేది.

పాఠాలు చెప్పే టీచరమ్మ తెల్లజుట్టావిడ. రాజుల కథలు రాజులే రాయించుకున్నారు, ఇల్లాలి కథ మాత్రం ఆవిడ కుండా దీపమే చెప్పాలి అనేది. ఒకరోజు ఆ దీపం బొమ్మ చూపించింది. మూకుడు లాంటి చిన్న మట్టిగిన్నె, వత్తి కోసం అంచు ఒకచోట నొక్కి ఉంది. "అచ్చం మా ప్రమిదలా ఉంది" అని చాట్‌లో రాశాను. చాలా మంచి పరిశీలన అని మెచ్చుకుంది. అంతే, ఇంక నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

సిద్ధాంతం చాలు, తవ్వకం మొదలుపెడదామనుకున్నాను. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటకూడదన్న రోజులు కనక నా పవిత్రభూమి పెరట్లోనే ఉండాలి. షెడ్డు వెనక నాలుగు పుల్లలు పాతి దారం కట్టాను. అట్లకాడ, గరిటె, పాత టూత్‌బ్రష్షు పట్టుకుని బోర్లా పడుకున్నాను. పక్కింటి పెద్దాయన గోడ మీంచి చూసి, "పాపం, మీ కుక్క పోయిందా?" అని పరామర్శించాడు. మాకు కుక్క లేదు.

కాసేపు గీకాక గోడ మూలన ఒక పలకరాయి తగిలింది. ఎత్తితే కింద చిన్న గుంట, గుంటలో దీపం! అంచు నొక్కి ఉంది, నల్లగా మసి పట్టి ఉంది. నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. మా ఊళ్ళో పాత క్రైస్తవ సన్యాసుల కాలం నాటి గుండ్రటి గోపురం ఉంది. ఆ సన్యాసుల్లో ఎవరో యెరూషలేము యాత్రకెళ్ళి దీన్ని తెచ్చుకున్నారన్నమాట. మా ఇల్లు కట్టేటప్పుడు బుల్‌డోజర్లు ఆ నేలంతా తిరగేసి ఉంటాయన్న సంగతి నాకు తట్టలేదు. వంటింటి ప్రెస్‌లో, అంటే ఇక్కడివాళ్ళ భాషలో అలమరలో, ఇడ్లీపాత్ర వెనక అలాంటివే ఓ డజను ఉన్నాయనీ తట్టలేదు. ఆ ప్రెస్ నేను రోజూ తెరుస్తాను. దీపాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే నువ్వుల నూనె వాసన కూడా వచ్చింది. మూడువేల ఏళ్ళయినా వాసన పోలేదే అని ఆశ్చర్యపోయాను!

ఆ సాయంత్రం ఆవిడ పై మెట్టు మీద కూర్చుని కంచం అందుకోగానే, నేను కింద నుంచి దీపాన్ని ఎత్తి చూపించి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"మసి చూశావా? పొర మీద పొర. అంటే రోజూ వెలిగించారు. గాలి తగలకుండా మూల చూసుకుని మరీ పెట్టారు. ఇంట్లోవాళ్ళకి కనపడకుండా పైన రాయి కప్పారు. కచ్చితంగా ఆడమనిషే! ఎవరికో ఏదో అవుతుందని లోపల్లోపల భయపడి చస్తోంది. మొగుడు యుద్ధానికెళ్ళుంటాడు. ఆయన క్షేమంగా ఉండాలని, ఇంట్లో ఒక్కతే కూర్చుని, ఎవరికీ చెప్పుకోలేక దీపం పెట్టుకుంది, పిచ్చితల్లి."

పైన చెంచా చప్పుడు ఆగిపోయింది. వినీ వినీ నిద్రపోయిందేమో అనుకున్నాను.

"అన్నీ కరెక్టుగానే చెప్పావు," అంది కాసేపటికి. "ఒక్కటే తప్పు."

"కాలమా?" అన్నాను. "ఓ వంద ఏళ్ళు అటూ ఇటూ ఉండొచ్చులే."

"కాలం సంగతి దేవుడెరుగు. యుద్ధానికెళ్ళింది ఆవిడే. ఇంట్లో కూర్చుంది ఆయన."

నాకు వెంటనే అర్థం కాలేదు. నా తెలివి అలా ఉంటుంది.

"లోపల వెలిగిస్తే స్మోక్ అలారం మోగుద్ది కదా," అంది. "అందుకని డ్యూటీకెళ్ళే ముందు రోజూ అక్కడ పెట్టుకుంటున్నా. నా చేతుల మీదుగా నీకేం రాకూడదని. సైన్సు చదివినదాన్ని, నీకెట్టా చెప్తా? నవ్వుతావు. ఇప్పుడేమో దాన్ని కూడా తవ్వి పోశావు, మహానుభావా!"

మూడువేల ఏళ్ళ కిందటి ఇల్లాలి భయాన్ని మసి చూసి చెప్పగలిగాను. రోజూ నా తల మీద పదమూడు మెట్ల ఎత్తున కూర్చుని అన్నం తినే మనిషి మొహం చూసి చెప్పలేకపోయాను. ఆ పూటే మొదటిసారి నోరు తెరిచి "నాకు చాలా భయంగా ఉంది" అన్నాను. "నాకూ" అంది ఆవిడ. తరవాత ఇద్దరం దూరం దూరంగా కూర్చుని కాసేపు ఏడ్చాం.

మర్నాడు తెల్లవారుతుండగా ఆవిడ కంటే ముందే పెరట్లోకి వెళ్ళాను. నేను తవ్విన గొయ్యి పూడ్చి, దీపాన్ని దాని గుంటలోనే పెట్టాను. ప్రెస్‌లోంచి ఇంకొకటి తెచ్చి పక్కన పెట్టి, రెండూ వెలిగించాను. నాది వెంటనే ఆరిపోయింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ ఆరిపోయింది.

"రెండోది ఎవరికి?" అని వినిపించింది. గేటు దగ్గర ఆవిడ, భుజాన బ్యాగు, మొహానికి మాస్కు.

"యుద్ధానికెళ్ళేవాళ్ళకి," అన్నాను.

ఆవిడ అక్కడి నుంచే, "గాలి అటునుంచి వస్తుంది, కాస్త మూలకి జరుపు," అంది. జరిపాను. డ్యూటీకి ఆలస్యమవుతున్నా, ఆ వత్తి నిలబడేదాకా ఆవిడ గేటు దగ్గర నుంచి కదల్లేదు.