కోట మూలన చెడుగుడు

నా ఇంగ్లీషు విజిటర్లకి అర్థం కావడం లేదట. ఈ మాట చెప్పడానికి మా కోఆర్డినేటర్ నన్ను ప్రత్యేకంగా కాఫీకి పిలిచింది. మేముండే నోవై ఊరి నుంచి గంటకి పైగా డ్రైవ్ చేస్తే, నది ఒడ్డున నక్షత్రం ఆకారంలో కట్టిన పాత కోట ఒకటుంది. శనివారాలు నేనక్కడ వాలంటీర్ గైడ్‌ని. ఆవిడ గైడ్లందరి పనీ చూస్తుంది. మంచి మనిషే, ఎప్పుడూ నవ్వు మొహం. ఆ నవ్వు మొహంతోనే చెప్పింది: "ఫీడ్‌బ్యాక్‌లో ఎవరో మీ యాక్సెంట్ కష్టంగా ఉందని రాశారు. వచ్చే నెల నుంచి మీరు గిఫ్ట్ షాప్ చూసుకోండి. మీకు మనుషులతో ఇట్టే కలిసిపోవడం వచ్చు కదా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇట్టే కలిసిపోయే మనిషిని తీసుకెళ్ళి పోస్ట్‌కార్డులు అమ్మమంటారా? వారమంతా కార్ల విడిభాగాల కంపెనీలో ఇదే ఇంగ్లీషుతో మీటింగులు నడుపుతాను. నా మాట ఎవరికీ అర్థం కాకపోతే అక్కడ ప్రొడక్షన్ లైన్ ఆగిపోవాలి. ఇంతవరకూ ఆగలేదు. అయినా ఆవిడతో ఇవేమీ అనలేదు. "ఆలోచించి చెప్తాను" అని లేచొచ్చాను. అలా వచ్చినందుకు ఇంటిదాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

మా ఆయనకి చెబితే ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "మంచిదే కదా, షాపులో ఏసీ ఉంటుంది" అన్నాడు. నేను ఉరిమి చూసేసరికి, "ఎందుకొచ్చిన గొడవ చెప్పు? చేసేదే ఫ్రీ సర్వీసు. దానికి కూడా ఫైటింగా?" అన్నాడు.

ఆయన తప్పు కాదది. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరికీ బాగా పట్టుబడిన విద్య ఒకటే, తల దించుకుని మన పని మనం చూసుకుపోవడం. మేనేజర్ అన్నాడా, సరే. పక్కింటివాడు అన్నాడా, సరే. సిటిజన్‌షిప్ వచ్చి ఇన్నేళ్ళయినా దించిన తల ఎత్తడం మర్చిపోయాం. మా ఫ్రెండ్స్‌లో ఎవరింట్లో పాట్‌లక్ అయినా ఇదే సలహా దొరుకుతుంది, గుత్తివంకాయతో పాటు.

అసలు ఆ కోటకీ నాకూ ఏం సంబంధం అంటే, చెడుగుడు. నవ్వకండి. కాలేజీలో నేను చెడుగుడు టీమ్‌లో ఎడమ మూల ఆడేదాన్ని. ఓ లాంగ్ వీకెండ్‌లో మా ఆడపడుచు వాళ్ళని తిప్పుదామని ఈ కోటకి తీసుకొచ్చాం. గోడ మీద విమానం నుంచి తీసిన కోట ఫోటో ఉంది. ఈ కోణాలన్నీ ఎందుకని అడిగితే అప్పటి గైడ్, "స్ట్రాంగ్‌గా ఉంటుందని" అన్నాడు. నేను ఆ ఫోటో ముందే నిలబడిపోయాను. అది స్ట్రాంగ్ కోసం కాదు. అది మూల ఆట!

చెడుగుడులో కూతకొచ్చినవాడిని ఎదురుగా ఉన్నవాడు పట్టుకోలేడు. ఎదురుగా వెళితే తాకేసి పోతాడు. వాడు లోపలికి వచ్చేదాకా మధ్యవాళ్ళు వెనక్కి జరుగుతూ ఊరించాలి. వాడి చూపు మధ్యవాళ్ళ మీద ఉండగా, మూలన ఉన్నవాళ్ళు పక్క నుంచి వచ్చి కాలు పట్టేస్తారు. తిన్నటి గోడకి కాపలా కాయడంలో ఉన్న చిక్కూ ఇదే. శత్రువు గోడ అడుగుకి చేరిపోతే పైనున్నవాడికి కనపడడు. అందుకని గోడ మూలల్ని బాణం మొనల్లా బయటికి పొడిచారు. ఈ మొన మీద నిలబడినవాడికి ఆ మొన అడుగు కనిపిస్తుంది, ఆ మొన మీద ఉన్నవాడికి ఈ మొన అడుగు. ఎక్కడా చాటు లేదు.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెడితే దారి ఒక ఫ్రెంచి సైన్యపు ఇంజనీరు దగ్గరికి తీసుకెళ్ళింది. మూడు శతాబ్దాల కిందటి మనిషి. ఇలాంటి కోటలు ఆయనకి ముందే ఉన్నాయి, వాటికి పదును పెట్టింది ఆయన. వయసులో ఉండగా రాజు మీద తిరగబడ్డవాళ్ళలో చేరాడు. పట్టుబడ్డాడు. తర్వాత అదే రాజు దగ్గర చేరి దేశం చుట్టూ కోటలు కట్టాడు. కట్టడం ఎంత బాగా వచ్చో పడగొట్టడం అంతకన్నా బాగా వచ్చు. కోట మీదికి జనాన్ని ఒక్కసారిగా తోలితే సగం మంది చస్తారని, వంకర టింకర కందకాలు తవ్వించి, గోడకి సమానంగా పొడుగాటి కందకాల్లో సైనికుల్ని దాచి, కొద్దికొద్దిగా ముందుకి జరిపేవాడు. పెద్దలు తొందరపెడితే ఎదురు చెప్పేవాడు. కోటలు కడుతూ దేశమంతా తిరిగాడు కదా, పల్లెల్లో ఆకలి కళ్ళారా చూశాడు. పేదవాడే కాదు, జమీందార్లూ మతపెద్దలూ అందరూ పన్ను కట్టాల్సిందేనని ముసలితనంలో ఒక పుస్తకం రాశాడు. రాజుగారి మనుషులు ఆ ప్రతులు పట్టుకోమని ఉత్తర్వు వేశారు. కొన్నాళ్ళకే పోయాడు.

మాకిచ్చిన స్క్రిప్ట్‌లో ఇందులో ఒక్క ముక్క లేదు. గోడ మందమెంత, ఫిరంగులెన్ని, సైనికులు ఏం తిన్నారు, అంతే. నేను మాత్రం ప్రతి టూర్‌లోనూ ఈయన గురించి చెబుతూ వచ్చాను. షాపులో కూర్చుంటే ఇక ఈయన్ని తలిచేవాడే ఉండడక్కడ. నాకు కడుపు మండింది దానికి. ఇంకో సంగతి. ఆయన పాఠాలు చదువుకున్న ఫ్రెంచి ఇంజనీర్లే తర్వాత ఈ దేశమొచ్చి, ఇక్కడివాళ్ళకి కోటలు కట్టడం నేర్పారు. వాళ్ళ ఇంగ్లీషు ఎంత చక్కగా ఉండి ఉంటుందో ఊహించుకోండి! వాళ్ళనెవరూ యాక్సెంట్ బాగాలేదు, పోయి షాపులో కూర్చోమనలేదు.

ఆ నెల ఆఖరి శనివారం, నా చివరి టూర్. కోఆర్డినేటర్ కూడా గుంపు వెనకాలే నడిచింది. కోట బయట పచ్చిక మీదికి రాగానే స్క్రిప్ట్ మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఇప్పుడు మనం ఒక ఆట ఆడబోతున్నాం" అన్నాను.

కాలేజీలో ఫుట్‌బాల్ ఆడిన ఒక భారీ మనిషి ఉన్నాడు, ఒహాయో నుంచి భార్యతో వచ్చాడు. ఆయన్ని కూతకి పంపాను. ఊపిరి ఆపకుండా "కబడ్డీ కబడ్డీ" అంటూ వచ్చి ఎవరినైనా తాకి వెనక్కి వెళ్ళిపోవాలని చెప్పాను. ఆయన నోటికి ఆ మాట తిరిగితే కదా! "కబాడీ, కబ్బాడీ" అని తంటాలు పడుతుంటే, "సార్, మీ యాక్సెంట్ కొంచెం కష్టంగా ఉంది" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆయనే అందరికన్నా గట్టిగా నవ్వాడు. కోఆర్డినేటర్ వైపు నేను చూడలేదు. చూడాలనిపించలేదు కూడా.

ఆయన ఎద్దులా మధ్యలోకి వచ్చాడు. మధ్యలో నిలబెట్టిన మిగతావాళ్ళు నేను చెప్పినట్టే వెనక్కి జరిగారు. కుడి మూలన ఆయన భార్యని పెట్టాను, ఎడమ మూల నాది. మోకాళ్ళు పోయాయని డాక్టర్ చెప్పిన సంగతి నాకప్పుడు గుర్తులేదు. వంగి చీలమండ పట్టేశాను. ఆవిడ అటు నుంచి నడుం పట్టుకుంది. మొగుడు కూలబడ్డాడు.

"ఇప్పుడు పైకి చూడండి" అన్నాను, రొప్పుతూనే. "ఆ మొన నేను. ఈ మొన మీ ఆవిడ. మధ్యలో గోడ. ఇప్పుడు చెప్పండి, ఎక్కడ దాక్కుంటారు?"

ఆయన గడ్డి మీద కూర్చునే ఆ మొన వైపూ ఈ మొన వైపూ చూసి, "ఓ మై గాడ్, ఎక్కడా లేదు" అన్నాడు. తర్వాత కందకాల గురించి చెప్పాను, పన్నుల పుస్తకం గురించి చెప్పాను. ఒక్కరూ కదలలేదు.

అంతా అయ్యాక కోఆర్డినేటర్ వచ్చి నా చేతులు పట్టుకుంది. "అమేజింగ్! పిల్లల పండగరోజు ఈ గేమ్ పెడదాం. మీరే ఆడించాలి."

"మరి టూర్లు?"

"టూర్లు... కంప్లయింట్ వచ్చాక మేం ఏదో ఒకటి చెయ్యాలి కదా."

"ఇవాళ ఇక్కడ నా మాట అర్థం కానివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"అది కాదు పాయింట్" అంది.

నాకదే పాయింట్. బ్యాడ్జి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. "షాపులో కూర్చోను. పండక్కి ఆట ఆడించను. కోట చూడటానికి మాత్రం వస్తాను. టికెట్ కొన్నవాళ్ళు పచ్చిక మీద నిలబడి మాట్లాడుకోకూడదని రూలేమైనా ఉందా?" అనేసి పార్కింగ్‌కి నడిచాను. కారెక్కాక హాయిగా అనిపించింది. ఇన్నేళ్ళలో ఎవరి మొహం మీదా 'కాదు' అని చెప్పలేదు నేను. చెప్పడం ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని.

తర్వాతి శనివారం కౌంటర్‌లో టికెట్ కొనుక్కున్నాను. లోపలున్న కుర్రది నన్ను గుర్తుపట్టి ఇబ్బందిగా నవ్వింది. నేను మామూలుగానే నవ్వాను. వెళ్ళి కోట మొన కింద నిలబడ్డాను. కాసేపటికి ఒక ముసలి జంట నా దగ్గరికొచ్చి, ఈ గోడ ఇలా ఎందుకు పొడుచుకొచ్చిందని అడిగారు. చెప్పడం మొదలుపెట్టాను. ఫ్రెంచి ఇంజనీరు దగ్గరికి వచ్చేసరికి ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

"సారీ, ఆ మాట నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెబుతారా?"

ఇక్కడా అదే గొడవా అనుకున్నాను. ఆయన మాత్రం చెవి నా వైపు పెట్టి, ఏం తొందర లేనట్టు ఎదురుచూస్తున్నాడు.

మళ్ళీ చెప్పాను. ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త నెమ్మదిగా, అదే యాక్సెంట్‌తో. ఆయన "ఆహా" అని తలూపాడు. ఇంతే కదా కావలసింది. ఆ ఫీడ్‌బ్యాక్ రాసిన మనిషి ఒక్క మాట అడిగి ఉంటే నేను చెప్పకపోదునా?