తాడు పట్టించిన డాక్టరమ్మ

మన ధూల్‌పేట డాక్టరమ్మ హరిచందన మొదటి గెలుపు బేగంపేట విమాన ప్రదర్శనలో. అక్కడ వైద్యం ఏర్పాట్లు ఆమెవే. తిండి దుకాణాలకు ఇచ్చేసిన జాగాను నిర్వాహకులతో కొట్లాడి కొట్లాడి అంబులెన్సు దారిగా మార్పించింది. గణేశ్ నిమజ్జనంలో లాగే ఆ దారికి రెండు పక్కలా మనుషులతో తాడు పట్టించి, చున్నీ నడుముకు బిగించి నిలబడింది. విమానాలు పల్టీలు కొడుతుంటే అందరి తలలూ పైకే, ఆమె కళ్లు మాత్రం జనం మీదే. ఒక పెద్దాయన ఫోను ఎత్తిపట్టి తాడు కిందినుంచి దూరబోతే ఆమె అడ్డం నిలిచింది.

“ఏందమ్మా, ఒక్క ఫోటోకు గింత లొల్లా?”

“విమానం మళ్ల తిరిగొస్తది బాపూ, అప్పుడు తీస్కో. జర ఎనక్కి జరుగు.”

అంతలోనే ఎండకు ఒక ముసలమ్మ కుప్పకూలింది. స్ట్రెచర్ ఎక్కడా ఆగకుండా ఆ దారెంట ఉరికింది, ప్రాణం దక్కింది. పెద్దాయన ఫోను జేబులో వేసి తనూ తాడు పట్టాడు. ఇప్పుడామెను అట్లాంటి దారే వేయించేందుకు బెంగళూరు విమాన ప్రదర్శనకు పిలిపించుకున్నారు. మన ధూల్‌పేట వాడకట్టంతా ఎదురుచూస్తోంది, ఆ పని ముగించుకుని ఆమె ఫిబ్రవరి పదహారున తిరిగొస్తుంది.