ఎక్స్‌రే సర్వర్ వైరు పీకించిన రోజు

హుజూర్‌నగర్‌లో ఎముకలకు వైద్యం చేసే ఒక బొక్కల దవాఖానకు కంప్యూటర్లు చూసుకునే పని నాది. ఎక్స్‌రే గదిలో తీసిన ఫొటోలు డాక్టరు గారి టేబుల్ మీదికి చేరవేసే సర్వర్ నేను పెట్టిందే. మామూలు ఫైల్ షేరింగ్ ప్రోగ్రామ్ నెమ్మదిగా ఉందని, యంత్రం మొత్తాన్ని నడిపే కెర్నెల్‌లోనే ఉన్న సర్వర్‌కు మార్చాను. ఫొటోలు చిటికెలో వచ్చేవి. ఆయన మెచ్చుకుంటే లోలోపల మురిసిపోయాను.

ఒక పొద్దున మోత్కూరులో మా ఇంట్లో ఉండగా ఫోన్‌లో ఒక హెచ్చరిక చదివాను. ఆ కెర్నెల్ సర్వర్‌లో లోపం బయటపడింది. పని అయ్యాక వదిలేసిన మెమరీని కూడా అది ఇంకా తనదే అనుకుని మళ్లీ ముట్టుకుంటోందట. కిటుకు తెలిసినవాడు అదే నెట్‌వర్క్‌లో ఉంటే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే యంత్రాన్ని గుప్పిట్లో పెట్టుకోవచ్చు. దవాఖాన వరండాలో కూర్చునేవాళ్లకు వైఫై ఇచ్చింది కూడా నేనే. అదీ అదే నెట్‌వర్క్ మీద.

వెంటనే నర్సుకు ఫోన్ చేశాను.

"సర్వర్‌కు నీలం వైరున్నది, జర పీకెయ్యి."

"అక్కా, సారు పేషెంట్లను చూస్తున్నరు. ఫొటోలు రాకుంటే ఎట్ల?"

"పెన్‌డ్రైవ్‌ల తీసుకపోయి చూపియ్యి. నేను వస్తున్న."

గొర్రెలను బయటికి తోలుతున్న బాపు నా మొహం చూసి ఆగాడు. "గంత ఫికరేంది బిడ్డా? దొంగలు గిట్ల పడ్డరా?"

"పడ్డరో లేదో తెల్వదు బాపూ. తలుపు తెరిచి పెట్టింది మాత్రం నేనే."

సూర్యాపేటలో బస్సు మారి హుజూర్‌నగర్ చేరేదాకా సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. తెరిచిన హెచ్చరికనే మళ్లీ మళ్లీ తెరిచాను. దిగేసరికి నర్సు పెన్‌డ్రైవ్ పట్టుకుని గదుల మధ్య పరుగులు పెడుతోంది.

సర్వర్ ముందు కూర్చుని, దానిలోకి ఎవరెవరు వచ్చిపోయారో నమోదయ్యే రికార్డులన్నీ వెతికాను. ఎవరూ దూరిన ఆనవాలు లేదు. కానీ కెర్నెల్ దాకా వచ్చినవాడు ఆనవాళ్లు తుడిచేసి పోగలడు. అదే డాక్టరు గారికి చెప్పాను.

"ఒక్క ముక్కల చెప్పమ్మా. వచ్చిన్రా, రాలేదా?"

"తెల్వదు సార్. ఫొటోలు జల్ది రావాలని ఆ సర్వర్ పెట్టింది నేను. తప్పు నాదే."

ఆయన మందుల చీటీల పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపి నా ముందుకు జరిపారు. కోపపడితే బాగుండుననిపించింది.

"ఇప్పుడు నువ్వన్నది గట్లనే కాగితం మీద రాయి. పేషెంట్లకు తెల్వాలె."

సర్వర్‌ను మొత్తం చెరిపి పాత ప్రోగ్రామ్‌తో మళ్లీ నిలబెట్టాను, వైఫైని విడదీశాను. ఆ పని సాయంత్రానికల్లా అయిపోయింది. నాలుగు వాక్యాల కాగితాన్నే కొట్టేసి మళ్లీ మళ్లీ రాశాను. రాసి ఇస్తే, కింద ఆయన సంతకం చేసి రిసెప్షన్ అద్దానికి అంటించమన్నారు.

మూడు రోజులు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో రోజు కట్టుతో వచ్చిన ఒక ముసలాయన నర్సుతో చదివించుకుని విన్నాడు.

"నా బొక్కల ఫొటో ఎవలు చూస్తే ఏందమ్మా" అని నవ్వాడు.

నర్సు కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.