ఇరవై ఒక్క రోజుల ఆంటీ

ఆ రోజుల్లో ప్రపంచంలో ఏ పనికైనా మూడు సెకన్లు మించి పట్టకూడదని నాకు గట్టి నమ్మకం. కంప్యూటర్ చదివినవాణ్ని కంపెనీలు పిలిచి పీట వేస్తున్న కాలమది. సింగపూర్‌లోని బూన్ లేలో ఒక ఫ్లాట్‌లో నలుగురం ఉండేవాళ్లం (నా వంట వంతు వచ్చిన రోజున మిగతా ముగ్గురికీ ఆఫీసులో పని ఎక్కువగా ఉండేది). అందులో ఒకణ్ని, ఏ చుట్టరికం లేకపోయినా, అందరం బావ అనేవాళ్లం. నాకు ఓపిక తప్ప అన్నీ ఉన్నాయని బావ ఉద్దేశం.

అలాంటి నాకు ఒక షూటింగ్ క్లబ్బు పని అప్పగించారు. అక్కడ సభ్యుడెవరైనా తుపాకీ కొనాలంటే దరఖాస్తు పెట్టాలి, క్లబ్బు అతని పూర్వాపరాలు విచారించాలి, ఇరవై ఒక్క రోజులు ఆగాలి, ఆ తర్వాతే కాగితం పోలీసులకు వెళ్లాలి. ఇదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. విచారణ చూసే ఆవిడ తాతల నాడే సింగపూర్ వచ్చిన తెలుగింటి ఆడపడుచు. ఎంత పెద్దమనిషి వచ్చి బతిమాలినా ఇరవయ్యో రోజున కాగితం కదిలేది కాదు. అందుకే అందరూ ఇరవై ఒక్క రోజుల ఆంటీ అనేవారు. ఇంత గడువు దండగనీ, మూడు సెకన్లలో తేల్చి నేరుగా పోలీసులకే పంపేలా రాసేస్తాననీ గొప్పలు పోయాను. ఆవిడ కళ్లజోడు మీదుగా చూసి, చివర సింగపూర్ వాళ్ల "లా" తగిలించి మరీ అంది.

"కంప్యూటర్‌కి కోపం రాదు తంబీ. మనిషికి వస్తాది. అది దిగేదానికి టైం కావాల లా."

చాదస్తమనుకున్నాను. ఆ ఆదివారమే, బొద్దింక మీదకు నేను విసిరిన చెప్పు వెళ్లి పప్పుచారు గిన్నెలో పడింది. ఏనుగు ఎదురుగా నిలబడ్డా నీ గురి కుదరదురా అన్నాడు బావ. ముగ్గురూ పడీపడీ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా గురేమిటో చూపిద్దామని మర్నాడే క్లబ్బుకు వెళ్లి సభ్యత్వానికీ, ఒక పిస్తోలుకూ కలిపి దరఖాస్తు పెట్టేశాను.

ఆంటీ నా పేరు కొట్టగానే తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: భార్యపై దాడి, మూడుసార్లు, జైలు శిక్ష. అప్పుడు గుర్తొచ్చింది. ప్రోగ్రాం పరీక్షించడానికి ఒక నేరస్థుడు కావలసివస్తే, ఇంకొకరి పేరెందుకులే అని (ఎంత ధర్మబుద్ధో చూడండి) పుట్టిన తేదీతో సహా నా పేరే ఎక్కించి, చెరపడం మరిచిపోయాను. నా మాటే నెగ్గి ఉంటే అది ఈపాటికి పోలీసుల దగ్గర ఉండేది. పిస్తోలు సంగతి దేవుడెరుగు, ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే వర్క్ పాసు పోయి ఇంటికి విమానం ఎక్కాల్సివచ్చేది. ఇప్పుడే చెరిపేస్తానన్నాను. ముట్టుకోవద్దంది. నేనే రాశానని మొత్తుకుంటే, అందరూ ఏదో ఒకటి చెప్తారు, విచారిస్తానంది.

ఆ ఇరవై ఒక్క రోజులూ నాకు అన్నం సయించలేదు. ఆంటీ మాత్రం తాపీగా తన పని చేసుకుపోయింది. మా ఆఫీసుకు వెళ్లింది. జైల్లో ఉన్నట్టు రాసుకున్న నెలల్లో నేను కాలేజీలో పరీక్ష తప్పుతున్నానని మార్కుల జాబితా తెప్పించి మరీ తేల్చింది. మా ఫ్లాట్‌కు ఫోన్ చేసి నా భార్య గురించి అడిగింది. ఫోన్ తీసింది బావ.

"వీడికి పెళ్లే కాలేదు ఆంటీ. మూడు సంబంధాలు తప్పిపోయినయ్. బొద్దింక కూడా వీణ్ని చూసి భయపడదు."

ఇరవై ఒకటో రోజున ఆ ఎర్ర అక్షరాలను తనే చెరిపించి, సంతకానికి కలం తీసి, పిస్తోలు ఇంకా కావాలా అని అడిగింది. ఎందుకు కావాలనుకున్నానో చెప్పడానికే సిగ్గేసి, వద్దన్నాను. ఆవిడ నవ్వి కలం మూసేసింది. ఏమీ కాని నా కోసం అంత ఓపికపట్టిన మనిషిని ఇంకొకరిని చూడలేదు.

ఇప్పటికీ ఒళ్లు మండి రాసిన ఈమెయిలు వెంటనే పంపను. ఇక్కడే పుట్టిపెరిగిన మా అమ్మాయి పక్కనుంచి చూసి, "జస్ట్ సెండ్ లా, డాడీ" అంటుంది. ఆ మూడు సెకన్ల కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను.

"ఉండమ్మా, ఆంటీ ఇంకా సంతకం పెట్టలేదు."