పిసినారి మామ సంచి

ధర్మవరంలో మా మగ్గాల వీధికొచ్చి పిసినారి అంటే ఏమిటని అడిగితే ఎవరూ అర్థం చెప్పరు, మా పక్కింటి మామను చూపిస్తారు. ఆయనింటి చీమలు మా ఇంటికొచ్చి కడుపు నింపుకొని పోయేవి. ఎవరి మగ్గం కింద తెగిన పట్టుపోగు కనబడినా మామ వేలికి చుట్టుకొని, "పారేస్తే మల్లా పుడతాదా?" అంటూ నడుముకున్న సంచిలో దోపుకొనేవాడు.

ఒకరోజు పొద్దున్నే చూస్తే, నా మగ్గం మీది పెళ్లిచీర పడుగులో నిలువుపోగుల్ని ఎలుక కొరికేసింది. సాయంత్రానికి చీర పెళ్లివారికి అందాలి. అతకడానికి ఆ నెమలికంఠం రంగు పోగు నా దగ్గర మిగల్లేదు. వేరే రంగు వేస్తే చార పడుతుంది, చీర తిరిగొస్తుంది, నెలంతా నేసిన కష్టం మట్టిపాలవుతుంది. మామ సంచి గుర్తొచ్చి పరుగెత్తాను.

"మామా, నా మగ్గం కింద ఏరుకున్న కొసలు..."

"నీ చేతికియ్యను."

నేను రెండు చేతులూ చాపాను.

"ఆ చేతులు చూడు, ఎట్ల వణుకుతాండాయో. జరుగప్పా!" అని తానే సంచితో మా ఇంటికొచ్చి నా మగ్గం ముందు కూర్చున్నాడు.

పోగు తర్వాత పోగు అతికాడు. చార పడలేదు. ఆ తర్వాత నేల మీద రాలిన ముక్కలన్నీ ఏరుకున్నాడు. గుర్తుగా ఉంటుందని నేనొకటి పిడికిట్లో దాచాను.

"పిడికిలి తెరువప్పా."

"ఇంత కొస కూడానా మామా?"

"రేపు మల్లా ఎలుకొస్తే యాడ తెస్తావు?"