సీల గీత పడిన రాళ్ళు

నా చిన్నప్పుడు నిర్మల్‌లో మా మేనమామకు కరెంటు మోటార్లు బాగుచేసే షాపు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు కాలిపోయిన మోటార్లను ఎడ్లబండ్ల మీద వేసుకొని తెచ్చేవాళ్ళు. మామ వాటిని విప్పి, నల్లబడిన రాగితీగ లాగేసి, కొత్త తీగ చుట్టి ఇచ్చేవాడు. అంతకుముందు రెండేళ్ళు మస్కట్‌లో పనిచేసి వచ్చాడు. మిగతావాళ్ళు బంగారం తెచ్చుకుంటే మా అన్న కబుర్లు తెచ్చుకున్నాడని మా అవ్వ ఎగతాళి చేసేది. అవ్వ అంటే మా అమ్మే, బాపు అంటే నాన్న, మా వైపు అలాగే పిలుస్తాం. మామకు ఆమె ఒక్కతే చెల్లెలు. బాపు కూడా మామ వెనకే మస్కట్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. అవ్వ, నేను, నాకన్నా చిన్నదైన మా చెల్లె, మామ షాపు ఉన్న వాడలోనే అద్దెకు ఉండేవాళ్ళం.

నాకు నోరెక్కువ. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. బస్సులో కండక్టరు మొదలుకొని మా వియ్యపురాలి దాకా నా నోటికి జడవనివాళ్ళు లేరు. నోరున్నవాడిదే రాజ్యం అంటారు గదా, ఆ లెక్కన నేను చాలా రాజ్యాలే ఏలాను. అటువంటిదాన్ని ఒక్క మాట చెప్పాల్సిన చోట మాత్రం చెప్పలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఎండాకాలంలో మా చెల్లె చనిపోయింది. నాలుగున్నరేళ్ళ పిల్ల. మూడు రోజులు జ్వరం కాసింది, నాలుగో రోజు గురువారం పొద్దున లేదు. బాపుకు సెలవు దొరకలేదు, టెలిగ్రాం అందుకొని అక్కడే ఏడ్చాడట. అంతకు రెండు నెలల కిందే చెల్లెను బాసర తీసుకెళ్ళి అక్షరాభ్యాసం చేయించాం. గోదావరి ఒడ్డున అది కచ్చకాయలు ఆడుకోవడానికని అయిదు చిన్న రాళ్ళు ఏరుకుంది. బూడిద రంగువి, పట్టుకుంటే సబ్బుబిళ్ళలా నున్నగా తగిలేవి. ఇంటికొచ్చాక గోడకున్న ఇనుప సీల ఒకటి పీకి, దాని మొనతో అయిదింటి మీదా 'అ' అని గీసింది. ఒకటి పడుకున్నట్టు, ఒకటి తోక తెగినట్టు, ఏ రెండూ ఒకలా ఉండవు. దానికి వచ్చిన అక్షరం అదొక్కటే. రెండోది నేర్చుకునే లోపే పోయింది.

అవ్వ ఆ రాళ్ళను పాలపొడి డబ్బాలో వేసి అటక మీద పెట్టింది. ప్రతి గురువారం మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, డబ్బా దించి, ఒక్కో రాయి మీదా బొటనవేలితో ఆ గీతల వెంబడి రాసి చూసేది. మిగతా రోజుల్లో డబ్బా జోలికి పోయేది కాదు. రోజూ ముట్టుకుంటే గీతలు అరిగిపోతాయని ఆమె భయం. నాకు అన్నం పెట్టేది, జడ వేసేది, కానీ నా ముఖంలోకి చూసేది కాదు. నేను ఎంత గలగలా మాట్లాడినా గోడకు చెప్పుకున్నట్టే ఉండేది. చనిపోయిన పిల్ల మీద బతికున్న పిల్లకు అసూయ కలుగుతుందంటే ఎవరూ నమ్మరు. నాకు కలిగింది.

ఇదంతా మామ గమనించాడు. బడి నుంచి రాగానే నన్ను షాపుకు పిలిపించుకునేవాడు. మస్కట్‌లో తనతో పనిచేసిన ఒక ముసలి మిస్త్రీ గదిలో ఒక చిన్న డబ్బా ఎప్పుడూ తిరుగుతూ ఉండేదట. అందులో వేసిన మామూలు రాళ్ళు నెల రోజులకు అద్దంలా తయారై వచ్చేవట. అటువంటి మిషను మనమే చేద్దాం పట్టు అన్నాడు. కొనడానికి ఎక్కడా దొరకదు, దొరికినా మామ కొనే మనిషి కాదు. ఒక ఖాళీ గ్రీజు డబ్బా తీసి, లోపల లారీ ట్యూబు ముక్కలు అంటించాడు. రెండు ఇనుప కడ్డీలను పాత బేరింగుల్లో కూర్చోబెట్టి, వాటి మీద డబ్బాను అడ్డంగా పడుకోబెట్టాడు. ఎవరో వదిలేసి పోయిన చిన్న మోటారుకు కొత్త తీగ చుట్టాడు. మోటారు వేగం మరీ ఎక్కువ, డబ్బా అంత వేగంగా తిరిగితే రాళ్ళు దొర్లకుండా దాని గోడకే అతుక్కుంటాయట. అందుకని మధ్యలో ఒక సైకిల్ చక్రం పెట్టి, ట్యూబు కోసి బెల్టు చేసి, వేగం తగ్గించాడు. విరిగిన సానరాయిని రోట్లో దంచి గుడ్డలో జల్లించి పొడి చేశాడు. రాళ్ళు, ఆ పొడి, నీళ్ళు, ఇంతే దాని తిండి. స్విచ్ వేయగానే డబ్బా గరగరమంటూ తిరగడం మొదలుపెట్టింది. నేను చప్పట్లు కొట్టాను. చెల్లె పోయాక నేను నవ్వడం అదే మొదటిసారని మామ చాలాసార్లు అనేవాడు.

రాళ్ళు ఏరే పని నాది. మా నల్లరేగడి చేలల్లో, వాగుల్లో తేనెరంగువి, ఎర్రవి, చెకుముకి రాళ్ళు కావలసినన్ని దొరుకుతాయి. డబ్బాలో వేసే ముందు ప్రతి రాయినీ సీలతో గీకి చూడాలని మామ నేర్పాడు. "సీల గీత పడ్డదనుకో, అది మెత్తరాయి బిడ్డా. ఎయ్యకు. గట్టి రాళ్ళ నడుమ పడి మన్నైతది," అన్నాడు. ఆ పరీక్ష పెట్టే అధికారం చేతికొచ్చాక నేను పోలీసు పటేలునైపోయాను. గీత పడిన రాయిని ఛీ నువ్వు పనికిరావు పో అని తిట్టి మరీ విసిరేసేదాన్ని.

రెండు వారాలు తిరిగాక రాళ్ళు అరిగి డబ్బా సగానికి దిగింది. అలా ఖాళీగా ఉండకూడదు, రాళ్ళు పైనుంచి పడి పగులుతాయి. ఒక గుప్పెడు చిన్న రాళ్ళు ఏరుకొని రమ్మని మామ పంపాడు. అది శ్రావణమాసం, శుక్రవారం. వాగు నిండుగా పారుతోంది, అటు పోయే వీలు లేదు. ఇంటికొచ్చాను. అవ్వ బావి దగ్గర బట్టలు ఉతుకుతోంది. అటక మీది డబ్బా కనిపించింది.

నా బుద్ధికి ఎంత అందంగా తోచిందో చెప్తాను. గురువారానికి ఇంకా ఆరు రోజులున్నాయి. ఆలోపు ఈ అయిదు రాళ్ళు అద్దంలా మెరిసిపోతాయి. డబ్బా దించి చూసేసరికి అవ్వ కళ్ళు పెద్దవవుతాయి. ఎవరు చేశారని అడుగుతుంది. అప్పుడు నా ముఖంలోకి చూస్తుంది.

స్టూలు వేసుకొని ఎక్కి రాళ్ళు తీసి ఒళ్ళో పోసుకున్నాను. షాపులో మామ ఒక రైతుతో మోటారు సంగతి మాట్లాడుతున్నాడు. మూత తీసి నేనే అయిదూ వేశాను. సీలతో గీకి చూడాలన్న ఆలోచనే రాలేదు. గీకి చూడవలసిన పని కూడా లేదు, గీతలు ఎదురుగానే ఉన్నాయి. సీలతో గీసినవే. అంతకుముందు ఊళ్ళో రాళ్ళన్నింటికీ చెప్పిన మాట ఆ అయిదింటి దగ్గర నాకు గుర్తు రాలేదు.

గురువారం పొద్దున బడికి పోకుండా షాపుకు పోయి డబ్బా తెరవమని మామ ప్రాణం తీశాను. ఇంకా టైం కాలేదంటూనే విప్పి, జల్లెడలో వంపి నీళ్ళు పోశాడు. ఎర్రవి, తేనెరంగువి, తెల్లవి నిగనిగలాడుతూ బయటపడ్డాయి. నేను వాటిని పక్కకు నెట్టి వెతకడం మొదలుపెట్టాను. మళ్ళీ నెట్టాను, మళ్ళీ వెతికాను.

"ఏం దేవులాడుతున్నవే?" అన్నాడు మామ.

చెప్పాను. మామ ముఖం తెల్లబోయింది. జల్లెడ కింద బకెట్లో బూడిదరంగు బురద నిలిచి ఉంది. మోచేతుల దాకా చేతులు పెట్టి మెల్లగా, చాలాసేపు వెతికాడు. చింతగింజ పొట్టంత పలుచటి ముక్క ఒకటి దొరికింది. దాని మీద ఏ గీతా లేదు. వేళ్ళ మధ్య పట్టుకోగానే అదీ చిట్లిపోయింది. "సీల గీత పడ్డ రాయి..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి అక్కడే ఆపేశాడు. నాకు అప్పుడు అర్థమైంది. జల్లెడ వదిలేసి ఏడ్చాను.

మామ చేతులు కడుక్కొని, నా చెయ్యి పట్టుకొని ఇంటికి నడిపించాడు. మా సందు మలుపులో ఆగి, వంగి, నా కళ్ళు తుడిచాడు. "అవ్వ ముందట నువ్వేం మాట్లాడకు. ఇయ్యాల్టికి నేను చూసుకుంట. ఆమె కోపం జర చల్లారినంక నువ్వే చెప్దువు గని. తొందరేం లేదు, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

మధ్యాహ్నం కావస్తోంది, అవ్వ అప్పటికే తలుపు దగ్గరగా వేసుకుంది. మామ గడపలో నిలబడి చెప్పాడు. "చెల్లె, రాళ్ళు తక్కువ పడ్డయని నీ డబ్బల రాళ్ళు నేనే కొంటవోయిన. ఎర్కలేక మిషన్ల ఏసిన. కరిగిపోయినయ్."

అవ్వ అరవలేదు. డబ్బా దించి మూత తీసి చూసింది. తలకిందులు చేసి దులిపింది. తరువాత మామ వైపు తిరిగి అంది. "నా బిడ్డ ఇయ్యాల మళ్ళ సచ్చిందన్నా. అప్పుడు దేవుడు సంపిండు, గిప్పుడు నువ్వు సంపినవ్. ఇగ నా గడప తొక్కకు." మామ తల వంచుకొని విన్నాడు. నేను అతని పంచె కొస పట్టుకొని నిలబడ్డాను. నా నోరు ఎటు పోయిందో నాకు తెలియదు.

మర్నాడే మామ ఆ మిషను విప్పేసి, రాళ్ళన్నీ వాగులో పారబోసి వచ్చాడు. మరి కొన్ని రోజులకే రాఖీ పున్నమ. అవ్వ అన్న ఇంటికి పోలేదు. షాపు మూసుకొని మామ మధ్యాహ్నం దాకా ఎదురుచూశాడని అత్త చెప్పింది. ఆ రోజు చెప్పేద్దామనుకున్నాను. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే అవ్వ నన్ను దగ్గరికి తీసుకోవడం మొదలుపెట్టింది. రాత్రి పక్కలో పడుకోబెట్టుకొని నా తల నిమిరేది. చెప్తే ఆ చెయ్యి తీసేస్తుందని భయమేసింది. వచ్చే ఏడు చెప్తానని నాకు నేనే గడువు ఇచ్చుకున్నాను. మరుసటి ఏడు మళ్ళీ అదే గడువు. బాపు సెలవు మీద వచ్చి ఇద్దరినీ కలపబోతే అవ్వ అతనితో కూడా నాలుగు రోజులు మాట్లాడలేదు. మొదట్లో భయం వల్ల చెప్పలేదు, తరువాత అలవాటు వల్ల, పెద్దదాన్నయ్యాక సిగ్గు వల్ల.

నా పెళ్ళికి ముందు రోజు మామ వచ్చి పందిట్లో లైట్లన్నీ బిగించి, జనరేటరు తిప్పి చూసి, అవ్వ బయటికి వచ్చే లోపే వెళ్ళిపోయాడు. మేనమామ ఎత్తుకొని తేవలసిన పెళ్ళికూతురిని అవ్వ చిన్నాయన కొడుకు ఎత్తుకొని తెచ్చాడు. ఆ లైట్ల వెలుగులో నేను ఫోటోలకు నవ్వాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నా జీవితంలో చేయలేదు.

షాపుకు నేను పోతూనే ఉండేదాన్ని. చాయ్ తెప్పించేవాడు, నా పిల్లలకు బిస్కెట్లు కొనిచ్చేవాడు. "చెల్లె మంచిగున్నదా?" అని అడిగేవాడు. బాగుందనేదాన్ని. మంచిదనేవాడు.

మూడేళ్ళ కింద మామ చనిపోయాడు. అవ్వ వెళ్ళింది, దూరంగా గోడకు ఆనుకొని కూర్చుంది. ఏడవలేదు. దినాలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతున్నప్పుడు చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఎవరి కోసం చెప్పాలో ఆ మనిషి కాటికి పోయాక నాకు నోరొచ్చింది.

అవ్వ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. అడిగింది. "అప్పుడు నీకెన్నేండ్లు?"

"తొమ్మిది."

"తొమ్మిదేండ్ల పోరిని ఏం జేస్తుంటినే? రెండు దెబ్బలేస్తుంటి. మళ్ళ నేనే దగ్గరికి తీసుకుంటుంటి." చేతిలో కాయ పక్కన పడేసింది. "మా అన్న ఎన్నడన్న అడిగిండా, చెప్పినవా అని?"

"అడగలే, అవ్వా."

అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకొని, ఎనభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, చిన్నపిల్లలా అన్నా అన్నా అంటూ ఏడ్చింది. నేను పట్టుకోబోతే నా చెయ్యి తోసేసింది. సాయంత్రానికి తనే పిలిచి అన్నం పెట్టమంది. ఒకన్ని వెళ్ళగొట్టి ఏం బాగుపడ్డాను, నిన్ను కూడా వెళ్ళగొట్టి ఎవరి చేతి ముద్ద తినాలి అంది. అది క్షమించడమో కాదో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ఇప్పటికీ మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. రాఖీ పున్నమ రోజు ఆమె పొద్దంతా మంచం దిగదు.

ఒక్కసారి మామ అడిగి ఉంటే చెప్పేసేదాన్నని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఉత్త మాట. అడిగితే అది నా మీద వేసిన బరువవుతుందని అతను అడగలేదు. తొందరేం లేదన్నాడు గానీ, చెప్పనక్కర్లేదని అనలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల రాళ్ళు వేయడం తప్పు కాదని ఇప్పుడు నాకు తెలుసు. నన్ను కోసేది ఆ రాళ్ళు కాదు, ఆ తరువాతి నలభై ఏళ్ళు.

నా మనవరాలు ఏదైనా పగలగొట్టి నా కొంగు వెనక దాక్కుంటే నేను దాన్ని పట్టివ్వను. వాళ్ళమ్మతో నేనే పగలగొట్టానని అబద్ధమాడతాను. మామ దగ్గర నేర్చుకున్న మంచి అది, వదులుకోను. మర్నాడు మాత్రం దాని చెయ్యి పట్టుకొని వాళ్ళమ్మ ముందు నిలబెట్టి, నిజం దాని నోటితోనే చెప్పిస్తాను. అది ఏడుస్తుంది, నన్ను తిట్టుకుంటుంది. తిట్టుకోనీ. మా మామకు ఆ మర్నాడు నేను రానివ్వలేదు.